సముద్రం తిప్పి పంపిన పొట్లం

నీళ్లలోంచి పైకి తేలిన ఆడది ముందు చేసేది మాట్లాడటం కాదు, ఈల వేయడం. లోపల బిగబట్టిన గాలంతా పళ్ల సందులోంచి ఒక్కసారిగా తన్నుకొస్తుంది. సరదాకి వేసే ఈల కాదది, ప్రాణం మళ్లీ చేతికి చిక్కిన చప్పుడు. చేజు దీవిలో ఒక ఊరి రేవు నుంచి నత్తలకీ గుల్లలకీ మునిగే ఆడవాళ్లలో ఏ ఇద్దరి ఈలా ఒకలా ఉండదు. ఎవరు తేలారో కళ్లు మూసుకుని చెప్పగలదు మాల్జా. గెసూన్ అక్కది ఖాళీ కూజాలో ఊదినట్టు బొంగురు. చునొక్‌ది పొడుగ్గా సాగి, పుటుక్కున తెగి, చివర్లో చిన్న ముక్క ఒకటి పలుకుతుంది. చిన్నప్పుడు ఒడ్డున నల్లరాళ్ల మీద ఆడుకుంటూ మాల్జా తోసేస్తే దాని పైపన్ను సగం విరిగింది. ఆ సగం పన్నులోంచి వచ్చే ఈల అది.

"నా ఈల నువ్వు పెట్టిన భిక్షేనే" అని అరవై దాటాక కూడా దెప్పేది చునొక్. "నువ్వు చస్తే నీ పన్నొకటి ఊడబీకి నేను పెట్టుకుంటా, చూస్తూండు."

ముందు పోయింది చునొకే.

మాల్జా బతుకులో చెప్పుకోదగ్గ వింతలేం లేవు. పదిహేనేళ్లకి తల్లి వెనకాల సముద్రంలోకి దిగింది, చునొక్ కూడా అదే రోజు దిగింది. నారింజ తోటా, దానికి తగ్గ తీరికా ఉన్న దూమాన్‌ని పెళ్లి చేసుకుంది. పిల్లల్ని కన్నది, పచ్చి ఒంటితోనే మళ్లీ నీళ్లలోకి దిగింది. వాళ్లకి చదువులు చెప్పించింది, పెళ్లిళ్లు చేసింది. తోట మీద వచ్చింది తోటకే సరిపోయేది, ఇల్లు నడిచింది మాత్రం ఆమె ఊపిరి మీద. ఆ మాట దూమానే ఒప్పుకుంటాడు, రెండు గుక్కలు పడ్డాక. నేల మీద మోకాళ్లు పట్టుకుని కుంటుతూ నడిచే మాల్జా నీళ్లలోకి దిగితే చేపపిల్లే. ఎంత దూరం వెళ్లినా పక్కన చునొక్ తేలుడు బంతి, పైకొచ్చాక పట్టుకుని సేదతీరేది, ఉండేది. ఒకళ్లు మునిగితే ఒకళ్లు పైన, ఒకళ్ల ఈల ఇంకొకళ్లకి ధైర్యం.

పోయినేడు ఆకులు రాలే కాలంలో, సముద్రం నూనె పోసినట్టు నిమ్మళంగా ఉన్న రోజున, మాల్జాకి ఒక రాతి పగులు నిండా నత్తలు దొరికాయి. మునిగింది, తేలింది, మళ్లీ మునిగింది. ఆశ కళ్లు కప్పేసింది. చప్పుడు వినపడితే మనిషి తలెత్తి చూస్తుంది, చప్పుడు ఆగిపోతే ఎవరు చూస్తారు? గెసూన్ అక్క గావుకేక వేసేదాకా మాల్జాకి తెలియలేదు, చునొక్ ఈల విని చాలాసేపైందని. నారింజరంగు బంతి ఒక్కటే నీళ్ల మీద అటూ ఇటూ తిరుగుతోంది. ఆ ఆడవాళ్లందరికీ నాయకురాలు గెసూన్, డెబ్బై దాటిన మనిషి. ఆవిడే అడుగుకి దిగి చునొక్‌ని చంకలో పెట్టుకుని పైకి తెచ్చింది. అప్పటికే ఊపిరి లేదు.

అప్పుడు గుర్తొచ్చింది మాల్జాకి, ఆ వేసవిలో చునొక్ అన్న మాట. బట్టలు మార్చుకునే గదిలో మంట ముందు కూర్చుని, తల తుడుచుకుంటూ అంది. "పొద్దున లేస్తే ఛాతీలో ఎవరో తడి ఇసుక పోసినట్టుంటోందే. అసలు లేవబుద్ధే కాదు."

మాల్జా నవ్వేసింది. "ఈ వయసులో అందరికీ అంతేలేవే. రెండు మునకలేస్తే కొట్టుకుపోతుంది."

ఆ తడి ఇసుక ఇప్పుడు తన ఛాతీలోకి వచ్చి పడింది. తిండి సయించదు, నిద్ర రాదు, మాట పెగలదు. చలికాలం మొదలయ్యేసరికి ఒంటి మీద బట్టలు వేలాడుతున్నాయి. "ఇంట్లో మనిషివా, గోడకి ఆనించిన చీపురివా?" అని దూమాన్ కసిరాడు. కసిరి, బయటికెళ్లి తోట గోడకి ఆనుకుని తనే ఏడ్చుకున్నాడు.

ఇది ప్రాణం జడుసుకుని జారిపోవడమే అన్నారు ఊళ్లో. పూజలు చేసే హ్యన్ సంచున్‌ని పిలిచారు. ఊళ్లో పెద్దవాళ్లని, ఆడైనా మగైనా, సంచున్ అనే పిలుస్తారు. ఆవిడ మాల్జా తొడుక్కునే చొక్కా తెచ్చి తల మీద కప్పి, మాడు మీద మూడు సార్లు ఊది, "పోయిన ప్రాణమా, ఇంటికి రా" అని పేరు పెట్టి పిలిచింది. ఆ రోజు మాల్జా ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. మర్నాడు మళ్లీ ఇసుకే.

గెసూన్ అక్క ఇక ఎవర్నీ అడగలేదు. మాల్జా మణికట్టు పట్టుకుని బస్సెక్కించి పట్నంలో మనసు డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టింది. డాక్టరమ్మ చిన్నదే. విషయమంతా విని, మాత్రలు రాసి, ఒక్కో మాటా నొక్కి చెప్పింది.

"పొద్దున తిన్నాక ఒక్కటి. మొదట్లో కడుపులో తిప్పొచ్చు, నిద్ర చెడొచ్చు. గుణం కనిపించడానికి వారాలు పడుతుంది, ఓపిక పట్టాలి. మనసు మరీ బరువెక్కినా, చచ్చిపోవాలన్న ఆలోచనొచ్చినా, మళ్లీ రమ్మన్న రోజు దాకా ఆగొద్దు, అప్పటికప్పుడు ఫోన్ చెయ్యండి. బాగైపోయిందనిపించినా సరే, మీ అంతట మీరు టక్కున ఆపకండి. మునిగే ముందు మీవాళ్లు తలనొప్పి పొడి మింగుతారు కదా?"

"మింగకపోతే చెవులు పగిలిపోవూ?"

"అదేంటో తెచ్చి నాకు చూపించండి. కొన్ని పొడులు దీంతో కలిస్తే రక్తం ఆగకుండా కారే ప్రమాదముంది. నేను సరేననేదాకా నీళ్లలోకి దిగొద్దు."

"దిగితే కాళ్లు విరగ్గొడతా, మీరేం బెంగ పెట్టుకోకండి" అంది గెసూన్ అక్క.

మాత్రలు ఒక్కో రోజుకి ఒక్కో చిన్న సంచిలో పెట్టి, సంచులన్నీ దండలా అతికి ఇచ్చారు. మాల్జా వాటిని బియ్యం డబ్బాలో దాచింది, ఎవరైనా చూస్తే పిచ్చిమందంటారని సిగ్గు. మొదట్లో వాంతి వచ్చినట్టుండేది తప్ప ఒరిగిందేమీ లేదు. మానేద్దామనుకుంటే దూమాన్ మంచినీళ్ల గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడేవాడు. అలా చలికాలం సగం గడిచింది. ఒకరోజు పొద్దున దూమాన్ సముద్రపు పాచితో కాచిన చారు ముందు పెడితే చెంచా నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది.

"చారా ఇది? సముద్రం ఇక్కడే ఉంది కదా, దాన్ని మళ్లీ గిన్నెలోకెందుకు ఎత్తుకొచ్చావు?"

దూమాన్ చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తాడు. "మా ఆవిడ తిట్టింది! ఉప్పెక్కువైందని తిట్టింది నన్ను!" పిల్ల పుట్టినప్పుడు కూడా అంత సంబరపడలేదు ఆ మనిషి.

మాల్జా కోలుకుంది. డాక్టరమ్మ తలనొప్పి పొడి మాన్పించింది. లోతుకి పోకుండా, తోడు లేకుండా దిగకుండా అయితే సరేనంది. మళ్లీ రబ్బరు సూటు తొడుక్కున్న రోజున మాల్జాకి నేల మీద కన్నా నీళ్లలోనే ఊపిరి బాగా ఆడింది. బట్టల గదిలో మేకుకి చునొక్ తేలుడు బంతి ఇంకా వేలాడుతోంది. తీసే ధైర్యం ఎవరికీ లేదు. గాలి లేనప్పుడు కూడా అది మెల్లగా తిరుగుతూ ఉంటుంది. ఒక్కటే మాల్జాకి అంతుబట్టలేదు. నెలల తరబడి నీళ్లు ముట్టని బంతి, పొద్దున వచ్చి చూస్తే తడిగా ఉండేది.

తర్వాత పాత పంచాంగం లెక్కన రెండో నెల వచ్చింది. గాలి తల్లి ఊళ్లోకి దిగే నెల, ఆవిణ్ని సాగనంపేదాకా ఎవరూ నీళ్లలోకి దిగరు. ఒడ్డున పందిరి వేశారు, హ్యన్ సంచున్ గంట మోగించింది. ఆడవాళ్లందరూ తెల్ల కాగితంలో అన్నం మూటగట్టి, దారం చుట్టి, సముద్రంలోకి విసరాలి. ఒకటి సముద్రపు రాజుకి, ఒకటి తన పేర, ఒకటి నీళ్లలో పోయిన తనవాళ్లకి. పొట్లం మునిగితే పుచ్చుకున్నట్టు. తిరిగొస్తే ఏమిటన్నది ఎవరూ పైకి అనరు.

ముందు రోజు మాల్జా ఇంట్లో కూర్చుని చునొక్ పొట్లం కడుతోంది. అన్నం చేత్తో ముద్ద చేస్తుంటే కన్నీళ్లొచ్చేశాయి. నా ఛాతీలో ఇసుక పోయింది. చునొక్‌కీ ఇదే ఇసుక. నోరు తెరిచి నాకు చెప్పింది కూడా. నేను నవ్వాను. ఈ మాత్రలు నిజానికి దీనివి, దీనికి అందాల్సినవి దారి తప్పి నాకు అందాయి. నాకెందుకింక, నేను బాగానే ఉన్నానుగా.

బియ్యం డబ్బాలోంచి మిగిలిన సంచుల దండంతా తీసి, అన్నంతో పాటు కాగితంలో పెట్టి గట్టిగా చుట్టింది. ఎంత తెలివిమాలిన పనో ఇవాళ ఎవరైనా చెప్తారు. ఆ క్షణంలో మాత్రం ఆమెకి అంతకన్నా సరైన పని ఇంకొకటి తోచలేదు. మర్నాడు రాతి అంచున నిలబడి విసిరింది. తెల్లటి పొట్లం నురగలో కనిపించకుండా పోయింది. ఇంటికొచ్చి తృప్తిగా రెండు గిన్నెలు తిన్నది. దూమాన్ పొద్దున్నే నీళ్ల గ్లాసు తెస్తే, అయిపోయాయి, డాక్టరమ్మ చాలంది అని అబద్ధమాడింది.

రెండు మూడు రోజులకే మొదలైంది. చారు కలుపుతూ పక్కకి చూస్తే తల లోపల చిట్‌మంది. తెగిన కరెంటు తీగ తగిలినట్టు ఒక్క క్షణం, అంతే. మళ్లీ ఇటు చూస్తే మళ్లీ చిట్. నేల పడవలా ఊగింది. పడుకుంటే చునొక్ కలలోకి వచ్చి మంట ముందు తల ఆరబెట్టుకునేది. ఎంతసేపు ఆరబెట్టినా జుట్టు ఆరేది కాదు, కొసల్నించి నీళ్లు కారుతూనే ఉండేవి. లేచాక తన తలగడ తడిసి ఉండేది. చెమటే, కానీ నాలిక్కి ఉప్పగా తగిలేది.

ఒకరోజు మధ్యాహ్నం తోటలో కాయలు కోస్తుంటే వినపడింది. చెట్ల వెనకాల, రాతిగోడ అవతల. పొడుగ్గా సాగి, పుటుక్కున తెగి, చివర్లో చిన్న ముక్క.

చేతిలో కత్తెర జారిపోయింది. "విన్నావా?"

"ఏంటి?" అన్నాడు దూమాన్.

"ఏం లేదు. పిట్ట."

భయమేసింది మాల్జాకి. దాని వెనకే ఇంకొకటి కూడా పుట్టింది, ఎవరికీ చెప్పుకోలేనిది. సంతోషం. చునొక్‌కి మందు అందింది! అందుకే వచ్చింది. ఆ రోజు నుంచి కెటిల్ మరిగినా, తలుపు కీచుమన్నా, గాలి రాళ్ల సందులో దూరినా చునొక్ ఈలే. ఊరికే ఏడుపొచ్చేది, ఏడుస్తూనే నవ్వొచ్చేది. పట్నం వెళ్లి మళ్లీ మాత్రలు తెచ్చుకోవాలన్న ఆలోచన ఒకటి రెండు సార్లు వచ్చింది. తెచ్చుకుంటే? ఈల ఆగిపోతుంది. చెయ్యి ఫోను దాకా వెళ్లి వెనక్కి వచ్చేసేది.

"ఎవరితోనే ఆ మాటలు?" అన్నాడు దూమాన్ ఒకరోజు వంటింటి గుమ్మంలో నిలబడి. అతని మొహంలో వేళాకోళం లేదు.

"నీతో కాదులే" అంది మాల్జా. అన్నాక ఆ మాట తనకే వింతగా వినిపించింది.

రేవులో గెసూన్ అక్క మొహం చూడగానే కనిపెట్టింది. "ఇవాళ సూటు విప్పెయ్. నీ నడకేంటి, తాగొచ్చినట్టుంది?" అని వెనక్కి పంపించేసింది. ఆవిడ కళ్ల కింద కూడా నల్లగా గుంటలు పడ్డాయని మాల్జా చూసింది. చూసి ఊరుకుంది, తన గోలలో తనుంది.

పొగమంచు దిగిన ఒక పొద్దున, పోటు తీసి నీళ్లు బాగా వెనక్కి పోయినప్పుడు, మాల్జా ఒంటరిగా ఒడ్డుకి వెళ్లింది. పిలిచినట్టనిపించింది, వెళ్లింది. ఊరు కనపడటం లేదు, సముద్రం కనపడటం లేదు, కాళ్ల కింద నల్లరాళ్లు మాత్రం తడిగా మెరుస్తున్నాయి. ఆ రోజు చునొక్‌ని తెచ్చి పడుకోబెట్టిన బల్లపరుపు రాయి దగ్గర ఆగింది. రాతి గుంటలో నిలిచిన నీళ్లలో తెల్లగా ఏదో ఉబ్బి తేలుతోంది.

దారం తను వేసిన ముడే. కాగితం నాని చీలిపోయింది, అన్నం ఎప్పుడో కరిగిపోయింది. లోపల సంచుల దండ ఒక్కటి కూడా తెగకుండా అలాగే ఉంది. దాని మీద మాల్జా పేరే ఉంది, నీళ్లకి కొంచెం పాకినా చదవడానికి వస్తోంది.

చునొక్ పుచ్చుకోలేదు. అయితే ఇన్నాళ్లూ ఎందుకు పిలుస్తోంది? అప్పుడు పొగమంచులోంచి, నీళ్ల మీద నుంచి, ఎన్నడూ లేనంత దగ్గరగా వచ్చింది ఈల. పొడుగ్గా సాగి, తెగి, చిన్న ముక్క. మాల్జాకి అంతా అర్థమైపోయినట్టనిపించింది. విసిరేస్తే తీసుకోదు. చేత్తో ఇవ్వాలి.

"వస్తున్నానే, ఉండు" అంటూ పొట్లం చేతిలోకి తీసుకుంది.

సూటు లేదు, మునగడానికి నడుముకి కట్టే సీసపు పట్టీ లేదు, ఇంట్లో తొడుక్కున్న పూల లాగూతోనే నీళ్లలోకి అడుగేసింది. చలి ఎముకల్లోకి దిగింది. మోకాళ్ల దాకా వచ్చింది. నడుం దాకా వచ్చింది. ఎడమవైపు ఈల వినపడింది, కళ్లు అటు తిప్పింది. చిట్. కుడివైపు ఈల, కళ్లు ఇటు. చిట్. మళ్లీ ఎడమవైపు. మళ్లీ కుడివైపు.

అక్కడ ఆగింది మాల్జా.

చిన్నప్పటి నుంచీ ఆ ఈల విన్నది ఆమె. చునొక్ ఊపిరి పొడుగు. ఒక్క ఈల వేసిందంటే, మాల్జా ఒకసారి మునిగి తేలి ముక్కు చీదుకునేదాకా రెండోది వినపడేది కాదు. మునగకుండా ఈల ఎక్కణ్నుంచి వస్తుంది? ఇదేమో మునగడం లేదు. ఊపిరి బిగబట్టడం లేదు. తను కళ్లు తిప్పితే చాలు, వేస్తోంది. కావాలని కుడికి చూసింది, వేసింది. ఎడమకి చూసింది, వేసింది. కళ్లు మూసుకుని కదలకుండా నిలబడింది. పొగమంచులో అలల చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఇది చునొక్ కాదు.

మరి ఎవరిది ఆ ఈల? ఆ ప్రశ్న వచ్చాక మాల్జాకి వేసినంత భయం ఆ రోజు దాకా ఏ సముద్రంలోనూ వెయ్యలేదు. పొట్లం రొమ్ముకి అదిమి పట్టుకుని, కళ్లు తెరవకుండా, కాళ్లతో రాళ్లని తడుముకుంటూ వెనక్కి వెనక్కి నడిచింది. ఒడ్డెక్కాక కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

తడిబట్టలతోనే హ్యన్ సంచున్ ఇంటికెళ్లింది. ముసలావిడ వరండాలో కూర్చుని ముల్లంగి తరుగుతోంది. పొట్లం చూసింది, మాల్జాని చూసింది, కత్తి పక్కన పెట్టింది.

"ఇందులో ఏం పెట్టావే?"

మాల్జా చెప్పింది. అంతా చెప్పేసింది, నీళ్లలో నడుం దాకా దిగిందాకా.

"ఓసి పిచ్చిదానా! నా బీపీ మాత్ర నేనెప్పుడైనా సముద్రపు రాజుకి పెట్టానా? ఆయనకి అన్నం పెడతాం. బీపీ ఆయనకి లేదు, నాకుంది."

"సంచున్, నాకు ఒక్కసారి దాంతో మాట్లాడించు. అది పిలుస్తోందో, ఇంకెవరు పిలుస్తున్నారో..."

"ఇప్పుడు కుదరదు." ముసలావిడ దుప్పటి తెచ్చి మాల్జా భుజాల మీద కప్పింది. "నీ తల ఊగుతోంది. ఊగే పడవలోకి ఇంకొకళ్లని ఎక్కిస్తే ఇద్దరూ మునుగుతారు. చచ్చినవాళ్లు పిలుస్తారే, వాళ్లకి ఇంకేం పని? నా చిన్నతనం నుంచీ వింటున్నా. వాళ్ల నోరు మూయించే మందు నా దగ్గరా లేదు, ఆ డాక్టర్ పిల్ల దగ్గరా లేదు. పిలిచినప్పుడు నువ్వు వెళ్లకుండా ఉండటానికే ఆ మాత్ర. తెలిసిందా? సముద్రం నీ వస్తువు నీకు తిప్పి పంపింది. అది పట్టుకుని, ఇచ్చిన ఆ డాక్టర్ పిల్ల దగ్గరికి పో. ఇవాళే పో. నీ మొగుణ్ని తీసుకుని పో."

మాల్జా దూమాన్‌ని వెంటబెట్టుకుని బస్సెక్కింది. డాక్టరమ్మ ముందు కూర్చోగానే, ఆవిడ అడగకుండానే, మాల్జా ఉప్పుపట్టిన సంచుల దండని బల్ల మీద పెట్టింది.

"ఎప్పుడు ఆపారు?" అని అడిగింది డాక్టరమ్మ. తర్వాత "తలలో కరెంటు కొట్టినట్టు ఉంటోందా? కళ్లు తిప్పినప్పుడు?" అంది.

మాల్జా నోరు తెరిచింది. "మీకెలా తెలుసు?"

"ఒళ్లు ఈ మందుకి అలవాటు పడ్డాక టక్కున లాగేస్తే కొందరికి అలా అవుతుంది. నేల ఊగుతుంది, చెమటలు పోస్తాయి, కలలు నిజమంత గట్టిగా వస్తాయి. మీరు పిచ్చివాళ్లైపోలేదు. కానీ ఇలా వచ్చినప్పుడు ఒంటరిగా ఉండకూడదు, ఆ రోజే నాకు చెప్పాలి."

"మరి నాకు వినపడే చునొక్ ఈల?"

డాక్టరమ్మ సంచుల దండని పక్కకి జరిపింది. "ఈల సంగతి ఖాయంగా చెప్పలేను. తలలో ఆ చిటపట సంగతి చెప్పగలను. అది తగ్గుతుంది."

"అయితే మానేసిన రోజులవి కూడా కలిపి ఇవాళే మింగేస్తా."

"అమ్మో, వద్దు! పోయినవి పోయినట్టే. రెండేసి మింగడం ఎప్పుడూ లేదు. ఎంత నుంచి మొదలుపెట్టాలో నేను చెప్తాను. సముద్రంలో నానినవి ఇక్కడే వదిలెయ్యండి. నీళ్లలోకి మళ్లీ ఎప్పుడో కూడా నేనే చెప్తా."

"చచ్చేదాకా మింగాలా?"

"అక్కర్లేదు. ఆపాల్సిన రోజు వస్తే ఇద్దరం కూర్చుని కొంచెం కొంచెంగా దించుదాం."

అది మాల్జాకి అర్థమైంది. తేలుడు బంతికి కట్టిన రాయిని అడుగుకి దించేటప్పుడు తాడు చేతుల్లోంచి మెల్లగా వదలాలి. ఒక్కసారి వదిలేస్తే అరచేతి తోలు తాడుతో పాటే పోతుంది.

అయినా ఏడుపాగలేదు. "మింగితే అది ఇంక ఈల వెయ్యదు. నాకు మిగిలింది అదొక్కటే."

అప్పుడు నోరు విప్పాడు దూమాన్. గోడకేసి చూస్తూ, కోపంగా అన్నాడు. "తోటలో చెట్ల కింద పడుకుని నిద్రపోతుంటానని ఊరంతా నవ్వుతారు కదా. ఏం చేస్తుంటాననుకున్నావు? నీ ఈల వింటుంటాను. నువ్వు తేలావో లేదో వింటుంటాను. పెళ్లైన కాణ్నుంచీ అంతే. దాని ఈల నీకు కావాలి సరే. నీది నాకొద్దా?"

మాల్జా అతని చెయ్యి పట్టుకుంది. డాక్టరమ్మ కాగితం రుమాళ్ల డబ్బా ఇద్దరి మధ్యకి జరిపింది.

మాత్ర మళ్లీ మొదలైంది. చిటపట ముందు పల్చబడింది, తర్వాత పోయింది. నేల నేలలా నిలిచింది. కలలో చునొక్ జుట్టు ఆరింది. తర్వాత కలలోకి రావడమే మానేసింది. ఒక మధ్యాహ్నం తోటలో నిలబడి చెవులు రిక్కించి, అటూ ఇటూ కళ్లు తిప్పి మరీ వెతికింది మాల్జా. ఆకుల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ రోజు ఆమె ఏడ్చింది కోలుకున్నందుకు కాదు, రెండోసారి పోగొట్టుకున్నందుకు. అయినా మర్నాడు పొద్దున తిన్నాక మాత్ర వేసుకుంది.

డాక్టరమ్మ సరేనన్న రోజున తెల్లారగానే, అందరికన్నా ముందు రేవుకి వెళ్లింది. బట్టల గది తలుపు తోసింది. లోపల గెసూన్ అక్క ఉంది. మేకు మీది చునొక్ బంతిని ఒళ్లో పెట్టుకుని, మంచినీళ్లతో కడుగుతోంది. బంతి తడిగా ఎందుకుండేదో మాల్జాకి అప్పటికి తెలిసింది.

"రోజూ కడుగుతున్నావా అక్కా?"

"ఏమోనే. కడగకపోతే కాళ్లు కదలవు." గెసూన్ తలెత్తలేదు. అంత పెద్ద మనిషీ, ఊరంతటినీ కేకలేసి నడిపించే మనిషీ, గుప్పెడంత కనపడింది. "దాన్ని పైకి తెచ్చింది ఈ చేతులే కదా. పొద్దున లేస్తే ఛాతీ మీద తడి తడిగా బరువు. ముసలితనంలే. పోతుంది."

మాల్జాకి నవ్వు రాలేదు. వెళ్లి ఆవిడ ముందు నేల మీద కూర్చుంది.

"నీ మాత్ర ఒకటి ఇటివ్వు" అంది గెసూన్. "ఒక్కసారి వేసుకుని చూస్తా. పట్నం దాకా ఎందుకు?"

"ఇవ్వను. నాది నాకు కొలిచి ఇచ్చింది. నీది నీకు కొలిచి ఇస్తారు. లే, బస్సుకి పోదాం."

"ఇవాళ సముద్రం బాగుందే, రేపు పోదాంలే. అయినా..." గెసూన్ చేతులు ఆగిపోయాయి. కిటికీలోంచి నీళ్లకేసి తల తిప్పింది. "నువ్వు విన్నావా ఇప్పుడు? రోజూ ఈ వేళకే. ముందు పొడుగ్గా సాగుతుంది, పుటుక్కున తెగుతుంది, చివర్లో చిన్న ముక్క..."

మాల్జా ఒంటి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. తన ఈల సంగతి అక్కకి ఎప్పుడూ చెప్పలేదు. అక్క ఏ మాత్రా మింగలేదు, ఏ మాత్రా ఆపలేదు. మాల్జా చెవులు రిక్కించింది. అలలు. ఒడ్డున పిట్టలు. ఇంకేమీ లేదు.

"నాకు వినపడలేదు అక్కా" అంది. గెసూన్ ఒళ్లోంచి బంతి తీసి మేకుకి తగిలించింది. ఆవిడ మణికట్టు గట్టిగా పట్టుకుంది, ఆ చలికాలంలో ఆవిడ తనని పట్టుకున్నట్టే. రేవు దాటేదాకా, ఊరు దాటేదాకా, బస్సు వచ్చి తలుపు మూసుకునేదాకా ఆ చెయ్యి వదల్లేదు.